కొంటే జంటగానే కొనండి

పాత మిలిటరీ ట్రక్కు కొన్నవాళ్లు ముందు టైర్లు చూసుకుంటారు, తర్వాత ఇంజిన్, ఆ తర్వాత టార్పాలిన్. బ్యాటరీల సంగతి సెల్ఫ్ ఎత్తని రోజునే గుర్తొస్తుంది. అప్పుడు దగ్గర్లోని షాపుకెళ్లి 12 వోల్టుల బ్యాటరీ ఒకటి తెచ్చి, చచ్చినదాన్ని తీసేసి ఆ చోట పెడతారు. బండి ఎత్తుకుంటుంది, కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. ఆనక ఒకనాటి పొద్దున చూస్తే పాతదానితోపాటు కొత్తదీ పడుకొని ఉంటుంది. డబ్బు రెండుసార్లు పోయే దారి ఇది. ఇందులోకి దిగకుండా ఉండటానికి ఏం కొనాలో, ఎలా బిగించాలో చెప్పుకుందాం.

బండి పేరు లేకుండా మాట్లాడితే అంతా గాలిలో ఉంటుంది కాబట్టి ఎం35ఏ2 ట్రక్కును ముందు పెట్టుకుంటున్నాను. అమెరికా సైనికులు ముద్దుగా ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అని పిలుచుకున్న రెండున్నర టన్నుల బండి ఇది. మిషిగన్ రాష్ట్రంలోని లాన్సింగ్ పట్టణంలో రియో కంపెనీ 1950 ప్రాంతంలో ఈ వంశానికి తొలి బండ్లు చేసింది. తర్వాత స్టూడీబేకర్, కైసర్ జీప్, ఏఎం జనరల్ కూడా చేశాయి. వియత్నాంలో సరుకు మోసిన ఈ బండ్లను సైన్యం దశాబ్దాల తర్వాత వేలం వేసింది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్లకైనా సరే, నాలుగు ఎకరాల చోటూ కాస్త పిచ్చీ ఉంటే ఇవి అందని పండ్లు కావు. మన దగ్గర జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ శక్తిమాన్‌నో జోంగానో పాడుకున్నవాళ్లు ముందు బండి మీదున్న డేటా ప్లేటు చదవండి. 24 వోల్టులని ఉంటే కింది లెక్క మీకూ వర్తిస్తుంది.

ప్లేటు చదవమనడానికి కారణం ఉంది. ‘మిలిటరీ బండి అంటే 24 వోల్టులే’ అన్న మాట అన్ని కాలాలకూ నిజం కాదు. రెండో ప్రపంచ యుద్ధంనాటి విల్లీస్ ఎంబీ జీపు 6 వోల్టుల బండి. అదే యుద్ధంలో తిరిగిన జీఎంసీ రెండున్నర టన్నుల ట్రక్కుదీ 6 వోల్టులే. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం కొత్త తరం బండ్లకు 24 వోల్టులు ఖాయం చేసింది. కొరియా యుద్ధకాలంలో వచ్చిన ఎం38 జీపు, ఎం37 డాడ్జ్, మన ఎం35 అన్నీ ఆ తరానివే. అందుకే 1944నాటి జీపు యజమాని చెప్పిన సలహా 1970నాటి ట్రక్కుకు పనికిరాదు. ఇద్దరూ ఒకే మేళాలో పక్కపక్కన బండ్లు నిలిపినా అంతే.

24 ఎందుకు పెట్టారంటే, లెక్క చిన్నదే. పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణించడం. ఒకే పనికి వోల్టేజీ రెట్టింపైతే కరెంటు సగానికి తగ్గుతుంది. కరెంటు సగమైతే అదే తీగలో వేడిగా వృథా అయ్యే పవర్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఎం35ఏ2లో ఉండేది 478 ఘనపు అంగుళాల మల్టీఫ్యూయల్ ఇంజిన్, అంటే దాదాపు 7.8 లీటర్లది. డీజిల్ పద్ధతిలో కంప్రెషన్‌తోనే మండే ఆ ఆరు సిలిండర్లను గడ్డకట్టే చలిలో తిప్పాలంటే సెల్ఫ్ మోటారుకు బాగా కరెంటు కావాలి. రేడియోలకూ కావాలి. ఇన్నిటికీ 12 వోల్టులతో నెగ్గుకు రావడం కష్టం.

ఈ 24 వోల్టులు ఒకే బ్యాటరీ నుంచి రావు. 12 వోల్టులవి రెండు సిరీస్‌లో కలిపితే వస్తాయి. సిరీస్ అంటే ఒకదాని ప్లస్సును రెండోదాని మైనస్‌కు కలపడం. అప్పుడు వోల్టేజీలు కూడతాయి, ఆంపియర్ అవర్లు మాత్రం కూడవు. 120 ఆంపియర్ అవర్లవి రెండు పెడితే మీకున్నది 24 వోల్టుల దగ్గర 120 మాత్రమే, 240 కాదు. షాపులో చాలామంది తడబడేది ఇక్కడే. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపితే అది పారలల్. అందులో ఆంపియర్ అవర్లు పెరుగుతాయి గానీ వోల్టేజీ 12 దగ్గరే ఉండిపోతుంది, సెల్ఫ్ మూలుగుతుంది తప్ప తిరగదు.

సిరీస్‌లో మరో సంగతి ఉంది, ఈ అధ్యాయానికి అదే వెన్నెముక. రెండు బ్యాటరీల గుండా ఎప్పుడూ ఒకే కరెంటు పోతుంది, ఇచ్చేటప్పుడూ అంతే, నింపుకునేటప్పుడూ అంతే. ఒకటి కొత్తది, ఒకటి ముసలిదైతే కాడికి ఒకవైపు కోడెను, ఇంకోవైపు బక్కచిక్కిన ఎద్దును కట్టినట్టే. ముసలిది ముందు ఖాళీ అవుతుంది, కొత్తది దాన్ని ఈడుస్తూనే ఉంటుంది. ఛార్జింగ్‌లో తంతు తిరగబడుతుంది. ఆల్టర్నేటర్‌కు కనిపించేది మొత్తం 28 వోల్టులే, ఎవరి వాటా ఎంతో దానికి తెలియదు. ఒకటి 15 దగ్గర ఉడుకుతూ, ఇంకోటి 13 దగ్గర ఆకలితో ఉన్నా మీటరు ముల్లు పచ్చరంగులోనే నిక్షేపంగా నిలబడుతుంది.

అందుకని కొనేటప్పుడు ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సామర్థ్యం, ఒకే రోజు. బ్యాటరీ మీద తయారీ తేదీ కోడ్ ఉంటుంది, షాపువాణ్ని అడిగి చదివించుకోండి. రెండింటికీ మధ్య వారాల తేడా ఉంటే పర్వాలేదు, నెలల తేడా ఉంటే వేరే జత అడగండి. అలమారలో ఆరునెలలు నానినదాన్ని కొత్తదని అంటగట్టడం లోకమంతటా ఉన్న అలవాటే.

ఏ రకం కొనాలి?

సైన్యం వాడింది 6టీ అనే కొలత బ్యాటరీ. సుమారు 28 సెంటీమీటర్ల పొడవు, 27 వెడల్పు, 23 ఎత్తు ఉండే చదరపు దిమ్మ. యాసిడ్ పోసే రకం ఒక్కొక్కటి 33 కిలోల దాకా తూగుతుంది. ఎం35ఏ2లో డ్రైవరు పక్కసీటు తలుపు కింద ఉండే పెట్టెను ఈ కొలతకే చేశారు. కాబట్టి 6టీ దొరికితే వేరే ఆలోచన అక్కర్లేదు. ఖరీదెక్కువ, అన్నిచోట్లా దొరకదు. అందుకే చాలామంది సివిల్ లారీలకు వాడే గ్రూప్ 31 రకం వైపు చూస్తారు. అది సుమారు 33 సెంటీమీటర్ల పొడవు, 17 వెడల్పు, 24 ఎత్తు. సన్నగా, పొడుగ్గా, కొంచెం ఎత్తుగా ఉంటుంది. పనిచేస్తుంది. కానీ ఆ కొంచెం ఎత్తును చిన్నచూపు చూడొద్దు. పెట్టె మూత ఇనుముది. టెర్మినల్ మూతకు తగిలితే గతుకులో ఒక్క కుదుపు చాలు, తలుపు కింద వెల్డింగ్ మొదలవుతుంది. కొనకముందే టేపు పట్టుకొని పెట్టె లోపలి కొలతలు మూడూ రాసుకోండి. టెర్మినల్‌కూ మూతకూ మధ్య రెండు వేళ్ల ఖాళీ మిగలాలి, మధ్యలో రబ్బరు షీటు ఉండాలి. పైగా గ్రూప్ 31లో కొన్నిటికి బోల్టు టెర్మినళ్లుంటాయి, ట్రక్కు తీగలకుండేవి పోస్టు మీద బిగించే క్లాంపులు. రెంటికీ పొత్తు కుదరదు. పోస్టులున్న మోడలే అడగండి.

తర్వాత చూడాల్సింది కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్ అనే అంకె. సున్నాకు కింద 18 డిగ్రీల సెల్సియస్ చలిలో 30 సెకన్ల పాటు, 12 వోల్టుల బ్యాటరీ 7.2 కంటే దిగకుండా ఎంత కరెంటు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. మిన్నెసోటాలో ఉన్నవాళ్లు దీన్ని భూతద్దం పెట్టి చూడాలి. ఆ చలిలో బ్యాటరీ శక్తి సగానికి దగ్గరగా పడిపోతుంది, ఇంజిన్ ఆయిల్ మాత్రం బంకలా చిక్కబడుతుంది. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్నవాళ్లకు ఆ అంకె మీద అంత మోజు అక్కర్లేదు. వాళ్ల శత్రువు ఎండ. వేడి పెరిగేకొద్దీ ప్లేట్లు తొందరగా తినేసుకుపోతాయి, నీళ్లు త్వరగా ఆవిరవుతాయి.

యాసిడ్ పోసే రకమా, ఏజీఎం రకమా అన్నది ఎప్పుడూ ఉండే వాదన. ఏజీఎంలో యాసిడ్ గాజునూలు చాపల్లో ఇంకి ఉంటుంది. ఒలకదు, కుదుపులకు తట్టుకుంటుంది, నెలల తరబడి కదలకుండా ఉన్నా ఛార్జి నెమ్మదిగా తగ్గుతుంది. ఏడాదికి నాలుగుసార్లు తీసే బండికి నా ఓటు దానికే. కానీ ఒకసారి ఓవర్‌ఛార్జి అయి ఎండిపోతే తిరిగి నీళ్లు పోయలేరు. అందుకని ముందు మీ రెగ్యులేటర్ ఎంతిస్తోందో కొలవాలి. యాసిడ్ రకం చౌక, డిస్టిల్డ్ వాటర్ పోయవచ్చు, హైడ్రోమీటరు ముంచి ఒక్కో సెల్లు ఆరోగ్యం చూడవచ్చు. నెలకోసారి మూతలు విప్పే ఓపిక ఉన్నవాడికి అదే మేలు. రెండు రకాలనూ ఒక జతలో కలపడం మాత్రం కుదరదు. లిథియం గురించి అడుగుతారు. గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జి చేయకూడదు, అరవై ఏళ్లనాటి రెగ్యులేటర్‌కు దాని భాష తెలియదు. ఈ బండికి వద్దు.

ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఒక ఊరట. బ్యాటరీల పరిశ్రమ మనకు పరాయిది కాదు. అమరాన్ బ్యాటరీలు చేసే అమరరాజా పుట్టింది తిరుపతి దగ్గరే. 24 వోల్టుల బస్సులకూ టిప్పర్లకూ జతలు వేసే ఆటో ఎలక్ట్రీషియన్ ఏ జిల్లా కేంద్రంలోనైనా ఉంటాడు. మిలిటరీ బండి అనగానే అతను జంకితే, ఇదీ టిప్పరు లెక్కేనని చెప్పండి.

బిగించే ముందు

పాత బ్యాటరీలు తీసిన వెంటనే కొత్తవి కూర్చోబెట్టకండి. పెట్టె అడుగు చూడండి. యాసిడ్ కారి రేకు తినేసి ఉంటుంది. వంటసోడా నీళ్లలో కలిపి పోస్తే నురగ వస్తుంది. నురగ ఆగేదాకా పోసి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, తుప్పు గీకి, యాసిడ్‌కు తట్టుకునే పెయింటు వేయండి. అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోయి ఉంటే తెరవండి. పైన బిగించే పట్టీ లేకపోతే చేయించుకోండి. కదిలే బ్యాటరీలో లోపలి ప్లేట్లు విరుగుతాయి, అది బయటికి కనిపించదు.

తీగలు కూడా పాతవే ఉంటాయి. పైన రబ్బరు నిగనిగలాడుతున్నా లోపల రాగి ఆకుపచ్చగా పొడిబారి ఉండవచ్చు. లగ్గు దగ్గర వంచి చూస్తే కరకరమంటే మార్చేయాలి. కొత్త తీగ మందం ఒరిజినల్ కంటే తగ్గకూడదు, సందేహమైతే 70 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ తీసుకోండి. లగ్గును సుత్తితో కొట్టి బిగించేవాణ్ని నమ్మకండి, హైడ్రాలిక్ క్రింపరు ఉన్న షాపుకు వెళ్లండి. ఎర్త్ తీగ చాసిస్‌ను తాకేచోట పెయింటు, తుప్పు పూర్తిగా గీకేయాలి. ‘బ్యాటరీ డౌన్’ అని తెచ్చే బండ్లలో చాలావాటికి రోగం ఎర్త్‌లోనే ఉంటుంది. ఇంజిన్‌నూ చాసిస్‌నూ కలిపే జడ తీగను కూడా మరిచిపోవద్దు. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ జడ లేకపోతే సెల్ఫ్ కరెంటుకు తిరుగుదారి ఉండదు.

చేతికి ఉంగరం, వాచీ, మెడలో గొలుసు ఉంటే తీసి జేబులో వేసుకోండి. కంటికి అద్దాలు పెట్టుకోండి. బ్యాటరీ ఛార్జవుతున్నప్పుడు హైడ్రోజన్ విడుస్తుంది, గాలిలో అది 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. దగ్గర్లో బీడీ సిగరెట్లు వద్దని హెల్పరుకు ముందే చెప్పండి.

ఇక వరుస. విప్పేటప్పుడు చాసిస్‌కు పోయే మైనస్ తీగ అన్నిటికంటే ముందు, బిగించేటప్పుడు అదే అన్నిటికంటే చివర. ఇది ఆచారం కోసం చెప్పే మాట కాదు. చాసిస్ అంతా మైనస్సే. మైనస్ తీగ ఉండగా ప్లస్ నట్టు విప్పుతూ స్పానరు తోక ఎక్కడైనా ఇనుముకు తగిలిందంటే వందల ఆంపియర్లు ఆ స్పానరులోంచే పోతాయి, అది చేతిలోనే ఎర్రబడుతుంది. మైనస్ ముందే తీసేస్తే స్పానరు తగిలినా ఏమీ కాదు.

కొత్త బ్యాటరీలను దించేముందు ఒక్కొక్కటి మల్టీమీటరుతో చూడండి. నిండా ఛార్జయి కొన్ని గంటలు ఊరకే ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపుతుంది. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు. రెండింటి మధ్య తేడా ఉంటే ముందు విడివిడిగా ఛార్జింగ్ పెట్టి సమానం చేయండి. తర్వాత పెట్టెలో దించండి. పట్టీలతో ఇద్దరు ఎత్తండి, నడుము మనదే. మొదటి బ్యాటరీ ప్లస్సునుంచి రెండోదాని మైనస్‌కు మధ్య లింకు బిగించండి. మిగిలిన రెండు పోస్టుల మధ్య మీటరు పెట్టండి. 25.2 పైన చూపాలి. సున్నా దగ్గర చూపిందంటే రెండో బ్యాటరీ తిరగబడి ఉంది. దాన్ని సరిచేయకుండా ముందుకు పోవద్దు. బండికి కలిపే ప్లస్, మైనస్ తారుమారైనా ఆల్టర్నేటర్ డయోడ్లు కన్ను మూసి తెరిచేలోపు కాలిపోతాయి. మీటరు సరిగ్గా చూపాక సెల్ఫ్ వైపు ప్లస్ తీగ, చివరికి చాసిస్ మైనస్. పోస్టుల మీద సన్నగా వ్యాసలైన్ రాయండి, బిగించాక రాయాలి, ముందు కాదు. మైనస్ దారిలో ఒక మెయిన్ స్విచ్ పెట్టించుకుంటే ఇంకా మంచిది. ఈ ట్రక్కులో డాష్‌బోర్డు యాక్సెసరీ స్విచ్ ఆన్‌లో మరిచిపోతే గేజీలూ, ట్యాంకులోని ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపూ రాత్రంతా కరెంటు తాగుతూనే ఉంటాయి.

బండి స్టార్టయ్యాక ఇంజిన్ కొంచెం వేగంగా తిరుగుతుండగా మొత్తం వోల్టేజీ చూడండి. 27.5 నుంచి 28.5 మధ్య ఉంటే రెగ్యులేటర్ బాగున్నట్టు. 29 దాటితే బ్యాటరీలు ఉడుకుతాయి, 27 లోపే ఆగితే ఎప్పటికీ నిండవు. అప్పుడే విడివిడిగా కూడా చూడండి, రెండూ ఇంచుమించు సమానంగా 14 దగ్గర ఉండాలి. మరో పరీక్ష ఇంకా గట్టిది. ఇంజిన్ స్టాప్ లాగి ఉంచి, ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు ఒక్కో బ్యాటరీ మీద మీటరు పెట్టాలి. రెండూ 10 వోల్టుల పైనే నిలిస్తే దిగుల్లేదు. ఒకటి 10.5 దగ్గర ఉండి రెండోది 8కి జారితే రోగి ఎవరో తెలిసిపోయినట్టే. షాపులో లోడ్ టెస్టరు చేసేదీ ఇంచుమించు ఇదే పని. ఇంజిన్ తిరుగుతుండగా మాత్రం బ్యాటరీ తీగ ఊడదీయకండి. ‘తీసినా బండి ఆగదు చూడు’ అని గొప్పకు చూపించే మెకానిక్కులున్నారు. ఆ క్షణంలో ఎగిసే వోల్టేజీకి రెగ్యులేటర్ పోతుంది.

12 వోల్టుల ఆశ

అంతా బాగున్న ఈ జతను చంపేది సాధారణంగా ఫోను ఛార్జరు. బండికి 24 వోల్టులున్నాయి, మీ రేడియోకు 12 కావాలి. కళ్లెదుటే రెండు 12లున్నాయి కదా, చాసిస్ వైపున్న బ్యాటరీ నుంచి రెండు తీగలు లాగితే పోయె అనిపిస్తుంది. పాటలు వస్తాయి. 5 ఆంపియర్ల చొప్పున రెండు గంటలు నడిస్తే ఆ ఒక్క బ్యాటరీ నుంచి 10 ఆంపియర్ అవర్లు పోతాయి, పక్కది నిండుగానే ఉంటుంది. బండి స్టార్టు చేశారు. ఆల్టర్నేటర్ రెండిటికీ ఒకే కరెంటు ఇస్తుంది. నిండిన దానికి అది అనవసరం, నీళ్లు ఉడికించుకుంటుంది. ఖాళీ అయిన దానికి అది చాలదు, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ప్రతి ప్రయాణంలో ఇదే జరిగితే ఒకే రోజు కొన్న కవలలు కూడా ఏడాదిలో అత్తాకోడళ్లవుతాయి.

మార్గం సులువే. రెండు బ్యాటరీల మొత్తం మీదనుంచి 24 తీసుకొని 12 ఇచ్చే కన్వర్టరు పెట్టండి. 24 వోల్టుల లారీలకు ఇవి దొరుకుతాయి. పది ఆంపియర్లది రేడియోకూ ఫోన్లకూ చాలు. బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు తప్పకుండా వేయండి. ఇంతకంటే ఎక్కువ 12 వోల్టుల సామాను పెట్టాలనుకునేవాళ్లు బ్యాటరీ ఈక్వలైజరు తీసుకోవాలి. అది రెండు బ్యాటరీల వోల్టేజీని చూస్తూ తేడాను సర్దుతుంటుంది.

స్లేవ్ సాకెట్ ఉన్న బండ్లకు ఇంకో జాగ్రత్త. ఒక మిలిటరీ బండి నుంచి ఇంకోదానికి కరెంటు ఇవ్వడానికి పెట్టిన సాకెట్ అది, అందులో ఉండేది 24. పొరుగాయన కారు ఎత్తకపోతే జాలిపడి ఆ కేబులు కారుకు తగిలించకండి. కారులోని కంప్యూటర్లన్నీ ఆ జాలికి బలైపోతాయి.

బండి నిలిపి ఉంచే నెలల్లో

యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 4, 5 శాతం ఛార్జి పోగొట్టుకుంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం దాదాపు రెట్టింపవుతుంది. కాబట్టి మెయిన్ స్విచ్ కట్టేసినంత మాత్రాన ఊరుకోవద్దు. 12.4కి దిగగానే ఛార్జింగ్ పెట్టండి. ఇక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. 24 వోల్టుల చార్జరు ఒకటి కాకుండా, మధ్య లింకు విప్పి ఒక్కో బ్యాటరీకి ఒక్కో 12 వోల్టుల చార్జరు పెట్టడం. ఎవరికి ఎంత కావాలో అంతే తీసుకుంటారు, జతలో ఉన్న చిన్న తేడాలు అక్కడే చెరిగిపోతాయి. చలిదేశాల్లో ఇది ఇంకా అవసరం. నిండుగా ఛార్జయిన బ్యాటరీ యాసిడ్ సున్నాకు కింద 50 డిగ్రీల్లోనూ గడ్డకట్టదు. బాగా ఖాళీ అయినది సున్నాకు కింద 10 దగ్గరే గడ్డకట్టి డబ్బా పగలగొడుతుంది. గడ్డకట్టినదాన్ని ఛార్జింగ్ పెట్టకూడదు, పేలే ప్రమాదం ఉంది.

యాసిడ్ రకమైతే నెలకోసారి హైడ్రోమీటరు ముంచి పన్నెండు సెల్లుల అంకెలూ ఒక నోటుబుక్కులో రాయండి. నిండిన సెల్లు 1.265 పైన ఉంటుంది, సగం ఖాళీ అయినది 1.190 దగ్గర. వేడి ప్రాంతాలకోసం పలచని యాసిడ్ పోసిన బ్యాటరీల్లో నిండినా ఇంకొంచెం తక్కువే చూపుతుంది, కొన్న రోజు అంకెలు రాసి ఉంచుకుంటే అయోమయం ఉండదు. పన్నెండులో ఒక్క సెల్లు మాత్రం 0.050 వెనకబడితే ఆ బ్యాటరీకి రోజులు దగ్గరపడ్డాయి. అమెరికా సైన్యం ఆపరేటరు మాన్యువల్ టీఎం 9-2320-361-10 దొరికితే పక్కన పెట్టుకోండి. బ్యాటరీల దగ్గర ఏం చూడాలో, ఎప్పుడు చూడాలో అందులో బొమ్మలతో ఉంటుంది.

చివరికి ఏదో ఒకరోజు జతలో ఒకటి పోతుంది. అప్పుడు షాపువాడు “ఒకటి బాగానే ఉంది కదా సార్, ఒక్కటే వేయించుకోండి” అంటాడు, నిజాయితీగానే అంటాడు. ఒప్పుకోవద్దు. రెండూ కొనండి. పోయినదాన్ని సీసం విలువకు షాపులోనే తిరిగి ఇవ్వండి. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకొని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యతను మన దేశంలో 2022 నిబంధనలు తయారీదారుల మీద పెట్టాయి. మిగిలిన ఆ ఒక్కటి 12 వోల్టుల ట్రాక్టరుకో మోటారు షెడ్డులో లైటుకో ఇంకొంత కాలం పనికొస్తుంది, అక్కడికి పంపండి. ట్రక్కులోకి మాత్రం తిరిగి రానివ్వకండి.